బస్, మెట్రో రూట్లు చూపే మొబైల్ యాప్‌ని కంప్యూటర్‌లో వాడటం ఎలా?

ఫోన్‌లో వాడే బస్, మెట్రో యాప్‌ని ల్యాప్‌టాప్‌లో తెరవొచ్చా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. తెరవొచ్చు. అయితే అడిగే సమయానికే చాలామంది ఏదో వీడియో చూసి ఎమ్యులేటర్ ఒకటి దించుకుని ఉంటారు. ఫ్యాన్ రయ్యిమని తిరుగుతుంటుంది, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోలేనంత వేడెక్కి ఉంటుంది, మ్యాప్‌లో మాత్రం వాళ్లు ఏనాడూ చూడని ఊరు కనిపిస్తుంటుంది.

ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి ఆండ్రాయిడ్ ఫోన్. దాంతో పని జరుగుతుంది, కాదనను. కానీ అంతకన్నా తేలిక దారులు మూడున్నాయి. అందుకే సులువైనదాన్ని ముందు పెట్టి, ఎమ్యులేటర్‌ని వెనక్కి నెట్టాను. మీ పని ఎక్కడ అయిపోతే అక్కడ ఆగిపోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మీరు ఎక్కడున్నారో, ఏ రోజు ఏ వేళ ప్రయాణం గురించి అడుగుతున్నారో కంప్యూటర్‌కి తనంతట తనకు సరిగ్గా తెలియదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే మొదలవుతాయి. కాబట్టి బ్రౌజర్ దారిలో 2, 3 దశలు, ఎమ్యులేటర్ దారిలో 3, 8 దశలు వదలొద్దు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- బ్రౌజర్ దారికైతే ఏ కంప్యూటరైనా చాలు. ఎమ్యులేటర్‌కి అలా కుదరదు. బ్లూస్టాక్స్ 5 అనే ఎమ్యులేటర్ కనీసం 4 జీబీ ర్యామ్, 5 జీబీ ఖాళీ డిస్క్ అడుగుతుంది. ఆ కనీసంతో నడిపితే మిగతా పనులన్నీ నత్తనడకే. 8 జీబీ ఉంటే ఫర్వాలేదు. యాప్‌లు తయారుచేసేవాళ్లు వాడే ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్‌కైతే 16 జీబీ ఉండాలి.
- మీ ఫోన్, దానికి డేటా కూడా పంపగల యూఎస్‌బీ కేబుల్. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరావు. ఫోన్ ఛార్జ్ అవుతున్నా కంప్యూటర్‌కి కనిపించకపోతే ముందు కేబుల్ మార్చండి.
- ఎమ్యులేటర్ దాకా వెళ్లేట్టయితే విడిగా ఒక గూగుల్ అకౌంట్. మీ ఫొటోలు, మెయిళ్లు ఉన్న అసలు అకౌంట్‌ని అందులో పెట్టకండి.
- మీకు కంఠతా వచ్చిన రూట్ ఒకటి. రోజూ ఎక్కే బస్సో రైలో ఏదైనా సరే. యాప్ నిజం చెబుతోందా లేదా తేల్చేది అదే.

దశ 1: ఆ యాప్‌కి వెబ్‌సైట్ ఉందేమో చూడండి

గూగుల్ మ్యాప్స్, మూవిట్, సిటీమ్యాపర్ మూడూ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో డైరెక్షన్స్ నొక్కి, పైన రైలు బొమ్మ ఎంచుకుంటే ప్రజారవాణా రూట్లు వస్తాయి. అక్కడే ఆప్షన్స్ నొక్కి బస్ మాత్రమే, రైలు మాత్రమే అని చెప్పొచ్చు. తక్కువ మార్పులు, తక్కువ నడక, వీల్‌చైర్‌కి అనువైన దారి అని కూడా అడగొచ్చు. మూవిట్, సిటీమ్యాపర్ అన్ని ఊళ్లలోనూ పనిచేయవు, మీ ఊరు వాటి జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

రేపటి ప్రయాణానికి ప్లాన్ వేసుకోవడం, నాలుగు రూట్లు పక్కపక్కనే పెట్టి పోల్చుకోవడం, దారిని ప్రింట్ తీసుకోవడం వరకే మీ అవసరమైతే ఈ గైడ్ మీకు 3వ దశ దగ్గరే దాదాపు అయిపోయినట్టు. అడుగడుగునా దారి చెబుతూ "ఇక్కడ దిగండి" అనే సౌకర్యం మాత్రం బ్రౌజర్‌లో ఆశించకండి. అది ఫోన్ పనే.

సైట్ పెద్ద తెర మీద సరిగ్గా రాకపోతే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, ఆ తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ మూడూ కలిపి నొక్కండి. పేజీ ఫోన్ సైజుకి కుదించుకుని మొబైల్ సైట్‌లా మారుతుంది. మారకపోతే పేజీని ఒకసారి రీఫ్రెష్ చేయండి.

దశ 2: మీరు ఎక్కడున్నారో చెప్పండి

మామూలు ల్యాప్‌టాప్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లను బట్టి, అవీ లేకపోతే ఇంటర్నెట్ చిరునామాని బట్టి అది మీ చోటుని ఊహిస్తుంది. వైఫై ఉంటే ఆ ఊహ వీధి దాకా రావొచ్చు. కేబుల్ ఇంటర్నెట్ మీదున్న డెస్క్‌టాప్ అయితే పక్క ఊరు చూపించినా ఆశ్చర్యం లేదు. వీపీఎన్ (మీ ఇంటర్నెట్ చిరునామాని వేరే చోటిదిగా చూపించే సేవ) ఆన్‌లో ఉంటే పక్క దేశమే.

1. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో లొకేషన్‌కి వెళ్లండి. లొకేషన్ సర్వీసెస్ ఆన్ చేయండి. అదే పేజీలో కింద డెస్క్‌టాప్ యాప్‌లకి అనుమతినిచ్చే స్విచ్ వేరే ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. బ్రౌజర్ దాని కిందికే వస్తుంది. చాలామంది పైది ఆన్ చేసి కిందది మరిచిపోతారు.
2. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్. జాబితాలో మీ బ్రౌజర్ పేరు పక్కన స్విచ్ ఆన్‌లో ఉండేలా చూడండి.
3. బ్రౌజర్‌లో అడ్రస్ బార్ ఎడమ పక్కనున్న చిన్న బొమ్మ నొక్కి ఆ సైట్‌కి లొకేషన్ అనుమతి ఇవ్వండి. మొదటిసారి అడిగినప్పుడు తొందరలో "బ్లాక్" నొక్కేసి ఉంటే సైట్ మళ్లీ అడగదు, ఇక్కడికొచ్చి మార్చాల్సిందే.

ఇన్ని తిప్పలు ఎందుకు అనుకుంటే తేలిక మందు ఒకటుంది. "నా లొకేషన్" అనే మాటే మరిచిపోండి. బయల్దేరే చోట స్టాప్ పేరు మీరే టైప్ చేయండి. నేను ఇంట్లో చేసేది అదే.

దశ 3: ఏ రోజు, ఏ వేళ అని చెప్పండి

యాప్ తెరవగానే "ఇప్పుడు బయల్దేరితే" అనే లెక్కన జవాబిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ప్లాన్ వేసేవాళ్లు ఇప్పుడు బయల్దేరరు కదా. రాత్రి పదింటికి కూర్చుని రేపు పొద్దున రూట్ చూస్తే, యాప్ ఆ రాత్రి బస్సులే చూపిస్తుంది. డిపార్ట్ ఎట్ ఎంచుకుని తేదీ, సమయం మార్చండి. ఇంటర్వ్యూ, డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివైతే అరైవ్ బై ఎంచుకోండి. చేరాల్సిన సమయం చెబితే వెనక నుంచి లెక్కేసి ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆఖరి సర్వీసు చూడటానికి లాస్ట్ అవైలబుల్ అని విడిగా ఉంది.

అర్ధరాత్రి దాటిన ప్రయాణం దగ్గర జాగ్రత్త. ఒకసారి శనివారం రాత్రి ఆలస్యంగా తిరిగి రావాలని ముందే ప్లాన్ వేసుకున్నాను. తేదీ శనివారం పెట్టాను, సమయం 12:20 ఏఎమ్ పెట్టాను. 12:35కి రైలుందని వచ్చింది, నిశ్చింతగా ఉన్నాను. తీరా ప్లాట్‌ఫాం మీదికి వెళ్తే లైట్లు ఆపేస్తున్నారు. నేను అడిగింది శుక్రవారం రాత్రి నడిచే ఆఖరి రైలు గురించి. శనివారం రాత్రి పన్నెండు దాటితే క్యాలెండర్ ప్రకారం అది ఆదివారం. యాప్ తప్పేమీ లేదు, అడిగిందానికి జవాబిచ్చింది.

రవాణా సంస్థలు టైమ్‌టేబుల్‌ని యాప్‌లకి ఇచ్చే జీటీఎఫ్ఎస్ అనే ఫైళ్లలో ఈ లెక్క ఇంకో రకం. అర్ధరాత్రి దాటాక 1:15కి వచ్చే బస్సుని అందులో ముందు రోజు ఖాతాలో 25:15 అని రాస్తారు. ఎక్కడైనా 24 దాటిన గంట కనిపిస్తే కంగారు పడకండి, అది పొరపాటు కాదు.

దశ 4: సైట్‌ని యాప్‌లా పెట్టుకోండి

రోజూ వాడేట్టయితే ఎడ్జ్ మెనూలో మోర్ టూల్స్ కింద యాప్స్‌కి వెళ్లి ఆ సైట్‌ని యాప్‌గా ఇన్‌స్టాల్ చేయమనండి. క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ నొక్కి, కాస్ట్, సేవ్ అండ్ షేర్‌లో ఇదే పని చేయొచ్చు. విడి కిటికీ, టాస్క్‌బార్‌లో విడి బొమ్మ వస్తాయి. లోపల నడిచేది ఆ వెబ్‌సైటే, కొత్త సౌకర్యాలేమీ రావు.

దశ 5: ఫోన్ తెరనే కంప్యూటర్ మీదికి తెచ్చుకోండి

యాప్‌కి వెబ్‌సైట్ లేకపోతే, లేదా మీరు ఫోన్‌లో దాచుకున్న స్టాపులు, ఇష్టమైన రూట్లే పెద్ద తెర మీద కావాలంటే ఇది చక్కటి దారి. యాప్ నడిచేది ఫోన్‌లోనే, కంప్యూటర్ ఒట్టి అద్దం. కాబట్టి లొకేషన్ కూడా ఫోన్‌దే, కరెక్టుగా ఉంటుంది. ఎమ్యులేటర్ కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

ఆండ్రాయిడ్‌కి స్క్రీన్‌కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పలకడం అలాగే కానీ స్పెల్లింగ్‌లో ఒక్క అచ్చూ ఉండదు: ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై. వెతికేటప్పుడు అలాగే టైప్ చేయండి. ఆండ్రాయిడ్ 5 నుంచి పైనున్న ఫోన్లన్నిటితో పనిచేస్తుంది.

1. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, బిల్డ్ నంబర్ మీద వరసగా ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి.
2. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ (కేబుల్ ద్వారా ఫోన్‌ని కంప్యూటర్ నడపనిచ్చే అనుమతి) ఆన్ చేయండి.
3. కేబుల్ పెట్టండి. ఫోన్ తెర మీద అనుమతి అడుగుతుంది, ఒప్పుకోండి. ఈ ప్రశ్న ఫోన్ లాక్ తీసి చూస్తేనే కనిపిస్తుంది. కంప్యూటర్ వైపే చూస్తూ "ఏమీ రావట్లేదు" అనుకునేవాళ్లు ఎక్కువ.
4. దించుకున్న ఫోల్డర్ విప్పి ప్రోగ్రామ్ నడపండి. ఫోన్ తెర కిటికీలో వస్తుంది, మౌస్‌తో నొక్కొచ్చు, కీబోర్డుతో టైప్ చేయొచ్చు.

పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మరవొద్దు. అది ఆన్‌లో ఉండగా తెలియని కంప్యూటర్‌కి ఫోన్ తగిలించడం ప్రమాదం. పైగా డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

ఐఫోన్ వాళ్లకి మ్యాక్‌ఓఎస్ సెకోయా, ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్ మిర్రరింగ్ వచ్చింది. రెండిట్లో ఒకే ఆపిల్ అకౌంట్ ఉండాలి, ఫోన్ దగ్గర్లో లాక్ అయి ఉండాలి.

దశ 6: ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్ అయితే

2020 చివర్లో వచ్చిన ఎమ్1 చిప్ నుంచి ఇటువైపు మ్యాక్‌లు ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లని నేరుగా నడుపుతాయి. యాప్ స్టోర్‌లో పేరు వెతికాక, ఫలితాల పైన ఐఫోన్ అండ్ ఐప్యాడ్ యాప్స్ అనే ట్యాబ్ నొక్కండి. కనిపిస్తే దించుకోండి. కనిపించకపోతే ఆ యాప్ తయారుచేసినవాళ్లు మ్యాక్‌కి అనుమతి ఇవ్వలేదని అర్థం, అక్కడితో వదిలేయండి. ఇంటెల్ చిప్ మ్యాక్‌లలో ఈ దారి లేదు. క్రోమ్‌బుక్ ఉన్నవాళ్ల పని ఇంకా హాయి. చాలా మోడళ్లలో ప్లే స్టోర్ ఉంటుంది, నేరుగా దించుకోవచ్చు.

దశ 7: ఎమ్యులేటర్ (ఇక తప్పదనుకుంటేనే)

ముందు రెండు దారులు పనికిరావని చెప్పాలి. విండోస్ 11లో అమెజాన్ యాప్‌స్టోర్‌తో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఏర్పాటుకి మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5తో మద్దతు ఆపేసింది. దాన్ని పెట్టుకోమని చెప్పే గైడ్లు ఇంకా తిరుగుతున్నాయి, నమ్మకండి. ఇక గూగుల్ ప్లే గేమ్స్ అనేది పేరుకి తగ్గట్టే ఆటల కోసం, బస్ యాప్ అందులో దొరకదు.

1. వర్చువలైజేషన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడపనిచ్చే సౌకర్యం) ఆన్‌లో ఉందేమో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ అనే మాట పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే సరే, తర్వాతి పనికి వెళ్లండి.
2. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ద్వారా యూఈఎఫ్ఐ సెట్టింగ్స్‌కి (బయోస్‌కి ఇప్పటి పేరు) చేరుకోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్‌కి వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎమ్‌డీకి ఎస్‌వీఎమ్ మోడ్ అని ఉంటుంది. హెచ్చరిక: డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే, బయోస్ మార్చాక కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర పెట్టుకోకుండా బయోస్ జోలికి వెళ్లకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అసలే వద్దు.
3. ఎమ్యులేటర్‌ని దాన్ని తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించుకోండి. యాప్ పేరు పెట్టి "పీసీ డౌన్‌లోడ్" అని వెతికితే, ఆ యాప్ పేరుతోనే ఈఎక్స్‌ఈ ఫైల్ ఇస్తామనే సైట్లు బోలెడు వస్తాయి. ఆండ్రాయిడ్ యాప్ ఉన్నపళంగా విండోస్ ప్రోగ్రామ్ అయిపోదు. అలాంటి ఫైల్ ముట్టుకోవద్దు.
4. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోకండి. పక్కన ఇంకేదో ప్రోగ్రామ్ అంటగట్టే టిక్ ఉంటే తీసేయండి.
5. లోపలి ప్లే స్టోర్‌లో విడి అకౌంట్‌తో లాగిన్ అయి, యాప్ దించుకోండి. తయారుచేసినవాళ్ల పేరు ఫోన్‌లోని యాప్ మీద ఉన్న పేరూ ఒకటేనా అని సరిచూడండి.

బ్లూస్టాక్స్ లాంటివి ఆటల కోసం చేసినవి, ప్రకటనలు ఎక్కువ. అవి చిరాకనిపిస్తే గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ స్టూడియో ఉంది. ప్రకటనలుండవు, కానీ బరువెక్కువ. దాని మొదటి తెర మీద మోర్ యాక్షన్స్‌లో వర్చువల్ డివైస్ మేనేజర్ తెరిచి కొత్త ఫోన్ తయారుచేసుకోవాలి. ఫోన్ ఎంచుకునేటప్పుడు పక్కన ప్లే స్టోర్ బొమ్మ ఉన్నదే ఎంచుకోండి. అది లేనిది ఎంచుకుంటే అరగంట డౌన్‌లోడ్ అయ్యాక ప్లే స్టోర్ కనబడక మళ్లీ మొదటికి రావాలి.

టికెట్లు కొనడం, పాస్ రీఛార్జ్ లాంటివి ఎమ్యులేటర్‌లో చేయకండి. అది అసలు ఫోన్ కాదని చాలా యాప్‌లు పసిగట్టి డబ్బు లావాదేవీలు ఆపేస్తాయి. ఆపకపోయినా, ల్యాప్‌టాప్‌లో ఉన్న టికెట్‌ని గేటు దగ్గర ఎలా చూపిస్తారు?

దశ 8: ఎమ్యులేటర్‌కి మీ ఊరు చెప్పండి

ఆండ్రాయిడ్ స్టూడియోలో మొదటిసారి మ్యాప్ తెరిచినప్పుడు నీలి చుక్క కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, సాక్షాత్తు గూగుల్ ఆఫీసు దగ్గర నిలబడి ఉంది. దగ్గర్లోని స్టాపులంటూ అక్కడి బస్సులు వరసకట్టాయి. యాప్ పాడైందేమోనని రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. తీరా చూస్తే ఎమ్యులేటర్ పుట్టడమే ఆ చోటుతో పుడుతుంది: అక్షాంశం 37.422, రేఖాంశం -122.084. మీకూ ఇవే అంకెలు కనిపిస్తే లొకేషన్ ఇంకా మార్చలేదన్నమాట.

1. ఎమ్యులేటర్ పక్క పట్టీలో మూడు చుక్కలు నొక్కి, లొకేషన్ తెరవండి. బ్లూస్టాక్స్ లాంటివాటిలో పక్క పట్టీలోనే లొకేషన్ బొమ్మ ఉంటుంది.
2. చోటు పేరు వెతికి, సెట్ లొకేషన్ నొక్కండి. నొక్కకుండా కిటికీ మూసేస్తే మార్పు పడదు.
3. అంకెలే ఇవ్వాల్సివస్తే అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. పారిస్ 48.8566, 2.3522. వీటిని తిరగేసి ఇస్తే సొమాలియా పక్కన హిందూ మహాసముద్రంలో తేలతారు. మైనస్ గుర్తు కూడా అంతే. పైన చెప్పిన -122.084లో మైనస్ వదిలేస్తే కాలిఫోర్నియా కాస్తా చైనాలోని షాన్‌డాంగ్ తీరం అవుతుంది.
4. సెట్టింగ్స్, సిస్టమ్, డేట్ అండ్ టైమ్‌లో టైమ్ జోన్ సరిచూడండి. వేరే దేశంలోని ఊరి కోసం చూస్తుంటే ఆ ఊరి టైమ్ జోన్ పెట్టండి. లేకపోతే "ఇప్పుడు బయల్దేరితే" అన్నది ఎవరి ఇప్పుడో తెలియదు.

పైన చెప్పిన లొకేషన్ పేజీలోనే రూట్స్ అనే ట్యాబ్‌లో ఒక దారి గీసి నడిపిస్తే, నీలి చుక్క ఆ దారి వెంట కదులుతుంది. కొత్త ఊరికి వెళ్లేముందు, దిగాల్సిన స్టాప్ రాకముందు అలర్ట్ ఎప్పుడు మోగుతుందో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఎమ్యులేటర్ వల్ల నాకు నిజంగా ఉపయోగపడిన పని ఇదొక్కటే.

దశ 9: సరిగ్గా చెబుతోందో లేదో తేల్చుకోండి

కంఠతా వచ్చిన రూట్ ఇప్పుడు బయటికి తీయండి. స్టాప్ పేరు, బస్ నంబర్, పట్టే సమయం మీకు తెలిసినట్టే వస్తున్నాయా? తర్వాత ఫోన్‌లోనూ అదే యాప్‌లో, అదే స్టాప్ నుంచి, అదే తేదీ, అదే సమయం పెట్టి వెతకండి. రెండు జవాబులూ ఒకటే కావాలి. తేడా వస్తే నూటికి తొంభైసార్లు తేదీ గానీ, బయల్దేరే చోటు గానీ వేరుగా పడి ఉంటుంది.

చూపించే సమయం లైవ్‌దా, టైమ్‌టేబుల్‌దా అన్నది ఇంకో సంగతి. సిగ్నల్ తరంగాల్లాంటి చిన్న గుర్తు ఉంటే చాలా యాప్‌లలో అది లైవ్ అని అర్థం. గుర్తు లేకపోతే అది కాగితం మీది టైమ్ మాత్రమే, బస్ వచ్చినా రాకపోయినా అలాగే చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఇంకో మెలిక ఉంది. గంటసేపు తెరిచి వదిలేసిన ట్యాబ్‌ని బ్రౌజర్ నిద్రపుచ్చుతుంది. "4 నిమిషాల్లో" అన్నది గంట కిందటి మాట కావచ్చు. బయల్దేరేముందు రీఫ్రెష్ చేయండి.

ఇవి కాక తరచూ వచ్చే తిప్పలు

మ్యాప్ తెల్లగా లేదా నల్లగా వస్తే, ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ విధానం మార్చి మళ్లీ నడపండి. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైనా ఇలాగే వస్తుంది.

ప్లే స్టోర్‌లో మీ డివైస్‌కి ఈ యాప్ పనికిరాదు అంటే, ఎమ్యులేటర్‌లో కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంచుకోండి. ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఎక్కడినుంచో తెచ్చి పెట్టడం నేను చెప్పను. చాలా యాప్‌లు ఇప్పుడు ముక్కలుగా వస్తున్నాయి, ఒక్క ముక్క పెడితే తెరుచుకున్న మరుక్షణం మూసుకుపోతాయి.

యాప్ బాగానే ఉండి మీ ఊరి రూట్లు మాత్రం రాకపోతే కంప్యూటర్‌ని తిట్టి లాభం లేదు. ఫోన్‌లోనూ రావట్లేదా చూడండి. రాకపోతే ఆ రవాణా సంస్థ వివరాలు ఆ యాప్ దగ్గర లేవు, వేరే యాప్ చూసుకోవాలి.

అన్నీ కుదిరాక, బయల్దేరేముందు ఆ రూట్‌ని ఫోన్‌కి పంపించుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో సెండ్ టు ఫోన్ ఉంది. లేనివాటిలో లింక్ కాపీ చేసి మీకు మీరే మెసేజ్ పెట్టుకోండి, దాంతోపాటు ఒక స్క్రీన్‌షాట్ కూడా. భూగర్భ స్టేషన్‌లో సిగ్నల్ పోతే లింక్ తెరుచుకోదు, స్క్రీన్‌షాట్ తెరుచుకుంటుంది.